ప్రశ్న ముందు, పైకం తర్వాత



ఈ పూట ఒక చిన్న కాగితం గురించి మాట్లాడతాను. ప్రభుత్వ పరిశోధన నిధుల కోసం పూర్తి ప్రతిపాదన పంపేముందు పంపే ఒకటి రెండు పేజీల కాగితం అది. ఒక ప్రకటనలో దాన్ని లెటర్ ఆఫ్ ఇంటెంట్ అంటారు, ఇంకో దాంట్లో ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంటరెస్ట్ అంటారు, మరోచోట కాన్సెప్ట్ నోట్ అనో ప్రీ ప్రపోజల్ అనో రాస్తారు. ఈ పూటకి మనం ఉద్దేశ లేఖ అనుకుందాం. ఫలానా ప్రశ్న మీద, ఫలానా చోట, ఫలానావాళ్లం కలిసి పనిచేయదలిచాం అని చెప్పడమే దాని పని.

శ్రీకాకుళంలోనో, నల్గొండలోనో, అనంతపురంలోనో పాఠాలు చెప్పుకుంటూ, ఒక పరిశోధన ఆలోచనను ఏళ్ల తరబడి మనసులో మోస్తున్నవాళ్లను తలుచుకుని ఈ ప్రసంగం రాసుకున్నాను. జిల్లా మెడికల్ కాలేజీల్లో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు, డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ లెక్చరర్లు, పీహెచ్‌డీ ముగించి సొంత జిల్లా యూనివర్సిటీకి తిరిగొచ్చిన యువతీయువకులు నా కళ్లముందు ఉన్నారు. ఎంపిక కమిటీల్లో కూర్చుని ఇలాంటి లేఖలు చాలా చదివాను. చిన్న ఊళ్ల నుంచి వచ్చినవి పక్కన పడిపోతుంటే ప్రతిసారీ బాధ కలిగేది. వాటిలో తెలివికి లోటు ఉండేది కాదు. ప్రశ్న ఇంకా కుదురుకోకముందే పరికరాల జాబితా రాసేసేవారు. ప్రశ్న కుదిరితే ఏం కొనాలో, ఎవరిని పెట్టుకోవాలో, ఎంత అడగాలో దాని వెనకే తేలుతుంది. అది కుదరకపోతే ఎంత అడిగినా ఎందుకు అడుగుతున్నామో చెప్పలేం.

మంచి ప్రశ్న ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర తిరగేస్తే చాలు. అది 1918లో నీలగిరి కొండల్లోని కూనూర్‌లో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో మొదలైంది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు నడిపిన ఆ పనికి అప్పట్లో పెట్టిన పేరు బెరిబెరి ఎంక్వయిరీ. ఒక్క జబ్బు, ఒక్క విచారణ. తర్వాత అది పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇక్కడికి వచ్చాక దక్కను పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు వాళ్ల కంటపడింది. ఎండ తగిలినచోట చర్మం మాడినట్టు నల్లబడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చెదురుతుంది. నియాసిన్ అనే విటమిన్ అందకపోవడం వల్ల వస్తుందని అప్పటికే తెలుసు. అమెరికాలోనూ, ఐరోపా దక్షిణాన కూడా అది మొక్కజొన్న మీద బతికే పేదల జబ్బు. ఇక్కడ మాత్రం జొన్న తినేవాళ్లకు వస్తోంది. జొన్నలో నియాసిన్ మరీ తక్కువేం కాదు. మరి జొన్నకూడు తినేవాళ్లకు పెల్లాగ్రా ఎందుకు?

అదీ ప్రశ్న. రెండు ముక్కల్లో అయిపోయింది. ఈ నేల మీద నిలబడితేనే కనిపించే ప్రశ్న అది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దాన్ని పట్టుకుని, జొన్న ప్రొటీన్‌లో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత ఎన్నో వాదాలు నడిచాయి. వాదాలు నడిచాయంటేనే ప్రశ్న ఎంత పదునైనదో తెలుస్తుంది. అంతకుముందు 1937లో నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన మనుషులను చూసి షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఫ్లోరోసిస్ గురించి రాసిన వ్యాసమూ అలాంటిదే. పక్క ఊరికి వెళ్లి కళ్లు తెరిచి చూడటంతో మొదలైన పని.

సరే, లేఖ దగ్గరికి వద్దాం. ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. అన్ని ఉద్దేశ లేఖలనూ ఒకే పని కోసం అడగరు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌ను తీసుకోండి. మన తెలుగువాళ్లు ఎందరో అక్కడి నిధులతో పనిచేస్తున్నారు. ఎన్‌ఐహెచ్ చాలా ఏళ్లపాటు కొన్ని ప్రకటనల్లో దరఖాస్తు గడువుకు దాదాపు 30 రోజుల ముందు ఉద్దేశ లేఖ పంపమనేది. అందులో పని శీర్షిక, ముఖ్య పరిశోధకుడి పేరు, చిరునామా, మిగతా ముఖ్యుల పేర్లు, పాల్గొనే సంస్థలు, ప్రకటన సంఖ్య ఉంటే సరిపోయేది. పంపి తీరాలన్న నిర్బంధం మామూలుగా ఉండేది కాదు. పంపినంత మాత్రాన దరఖాస్తు చేసి తీరాలనీ ఉండేది కాదు. దాన్ని సమీక్షకులకు చూపించేవారు కాదు, మార్కులు వేసేవారు కాదు. భోజనాలకు ఎంతమంది వస్తారో పెళ్లివారు ముందే కనుక్కున్నట్టు, ఎన్ని దరఖాస్తులు రావచ్చు, ఏ విషయం తెలిసిన సమీక్షకులను పిలవాలి, ఎవరిని పిలవకూడదు అని చూసుకోవడానికి దాన్ని వాడుకునేవారు. ఎవరి పేర్లు మీ జట్టులో ఉంటే వాళ్లను మీ దరఖాస్తు చదవడానికి కూర్చోబెట్టరు కాబట్టి, అక్కడ పేర్లు సరిగా రాయడమే అసలు పనిగా ఉండేది.

అమెరికాలోనే ఉన్న నేషనల్ సైన్స్ ఫౌండేషన్ కొన్ని పథకాల్లో ఈ లేఖను తప్పనిసరి చేస్తుంది. అలాంటిచోట లేఖ పంపకుండా పూర్తి దరఖాస్తు పంపితే చదవకుండానే తిప్పి పంపుతారు. ప్రీ ప్రపోజల్ సంగతి వేరు. దాన్ని సమీక్షకులు చదువుతారు, తీర్పు చెబుతారు, పిలిస్తేనే ముందుకు వెళ్లే పథకాలూ ఉన్నాయి. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా నడుస్తున్న ఇండియా అలయన్స్ కూడా ఈ రెండో తరహాదే. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో దాన్ని నెలకొల్పాయి. వాళ్ల ఫెలోషిప్‌లకు ముందు ప్రాథమిక దరఖాస్తు, అది నెగ్గితే పూర్తి దరఖాస్తు, ఆ తర్వాత ఇంటర్వ్యూ. వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్ వంటి సంస్థలు ఆసక్తి వ్యక్తం చేయమని పిలిచే చోట్ల కూడా ఆ కొద్ది పేజీలను బట్టే ఎవరిని ముందుకు పిలవాలో తేలుస్తారు.

అందుకే ప్రకటన చేతికి రాగానే, ఈ లేఖను ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు అని చూసుకోండి. లెక్క కోసం అడిగే లేఖలో సిద్ధాంతాలు వల్లిస్తే ఎవరికీ పనికిరాదు. తీర్పు చెప్పే లేఖలో ఒట్టి పేర్లూ చిరునామాలూ రాసి ఊరుకుంటే అక్కడితో ఆఖరు. ప్రకటనలో స్పష్టంగా లేకపోతే అందులో ఇచ్చిన అధికారికి ఈమెయిల్ రాయండి, ఫోన్ చేయండి. మనవాళ్లకు దీని మీద అనవసరమైన బెరుకు ఉంది. పెద్ద ఆఫీసు, ఏమనుకుంటారో అని సందేహిస్తారు. ఆ అధికారి ఆ కుర్చీలో ఉన్నదే మీ సందేహం తీర్చడానికి. అడిగినవాళ్లను చిన్నచూపు చూడటం నేనెక్కడా చూడలేదు.

ఇక మీ లేఖను చదివి తీర్పు చెప్పే సందర్భమే అనుకుందాం. ఒక ఉదాహరణను పట్టుకుని చివరిదాకా నడుద్దాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడి, పనస తోటలతో కళ్లకు చల్లగా ఉండే ఆ నేలలో ఎన్నో ఏళ్లుగా కిడ్నీ జబ్బు మనుషులను తినేస్తోంది. షుగరు లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. పక్క జిల్లా కాలేజీలో పనిచేసే ఒక యువ డాక్టరు దీని మీద లేఖ రాయాలనుకుంది అనుకోండి.

మొదటిసారి చాలామంది రాసే శీర్షిక ఇలా ఉంటుంది: ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ వ్యాధిపై సమగ్ర అధ్యయనం. కింద లక్ష్యాలు ఆరేడు. నీళ్లలో సిలికా చూస్తాం, భార లోహాలు చూస్తాం, పురుగుమందులు చూస్తాం, నొప్పి మాత్రల వాడకం చూస్తాం, జన్యువులు చూస్తాం, ఎండ ప్రభావమూ చూస్తాం. ప్రతిదీ ఎవరో ఒకరు అనుమానించినదే, దేన్నీ తీసిపారేయలేం. కానీ అన్నీ ఒకే లేఖలో కనపడితే, ఏది చూడాలో ఇంకా తేల్చుకోలేదని కమిటీ సభ్యుడికి మొదటి పేరా దగ్గరే అర్థమైపోతుంది.

అదే డాక్టరు ఒక వారం కూర్చుని, ఉద్దానం గురించి అచ్చయిన వ్యాసాలు చదివి, ఎల్ సాల్వడార్, నికరాగ్వాల్లో చెరకు నరికే కూలీలకూ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతులకూ ఇలాంటి జబ్బే వస్తోందని గమనించి, మధ్య అమెరికాలో కూలీలకు నీడ, విశ్రాంతి, తాగునీళ్లు ఏర్పాటు చేసి జరిపిన ప్రయోగాల సంగతి తెలుసుకుని, మళ్లీ రాసిందనుకోండి. ఇప్పుడు ఇలా రాస్తుంది: షుగరు, బీపీ లేని 20 నుంచి 50 ఏళ్ల తోట కూలీల్లో వేసవి పనిరోజుల్లో కిడ్నీ పనితీరు తగ్గుతోందా? తగ్గితే, వానలు పడ్డాక కోలుకుంటోందా?

ఈ ప్రశ్నలో ఎవరిని చూడాలో ఉంది, ఎప్పుడు చూడాలో ఉంది, దేన్ని కొలవాలో ఉంది. మిగతా అనుమానాలను ఆమె కాదనలేదు, ప్రాజెక్టు నడిచే మూడేళ్లకు వాటిని పక్కన పెట్టింది. పక్కన పెట్టానని లేఖలో ఒక వాక్యంలో చెబితే కమిటీకి ఆమె మీద నమ్మకం పెరుగుతుంది.

తర్వాత, ఎవరితో పోల్చాలి? ఇక్కడే స్థానికురాలి తెలివి వెలుగులోకి వస్తుంది. విశాఖపట్నంలో ఎవరినో తెచ్చి పోలిస్తే నీళ్లు వేరు, తిండి వేరు, అన్నీ వేరే. అదే ఊళ్లో, అదే బోరు నీళ్లు తాగుతూ, ఎండలో పనిలేని వాళ్లతో పోలిస్తే నీటి సంగతి రెండు వైపులా సమానమైపోతుంది, ఎండే ప్రధానమైన తేడాగా మిగులుతుంది. బాగానే ఉంది. మరి ఎండలో పనిలేని వాళ్లు ఎవరు? పలాస చుట్టుపక్కల నీడపట్టున పని అంటే ఎక్కువగా జీడిపప్పు పరిశ్రమే. అక్కడ జీడిగింజలు కాల్చే బట్టీల దగ్గర పనిచేసేవాళ్లకు కప్పు కింద ఉన్నా వేడి తప్పదు. వాళ్లను చల్లని చోట పనిచేసేవాళ్లుగా లెక్కేస్తే అధ్యయనం అక్కడే చెడుతుంది. ఈ విషయం ఢిల్లీలో కూర్చున్న ప్రొఫెసరుకు తట్టదు. పలాస బజారులో తిరిగిన మనిషికి తడుతుంది. జిల్లా కాలేజీ నుంచి రాసే లేఖకు ఉన్న బలం ఇదే, దీన్ని దాచుకోకూడదు. బట్టీల పనివాళ్లను పోలిక గుంపులోంచి తీసేస్తున్నామని, ఎందుకు తీసేస్తున్నామో చెబుతూ ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ ఒక్క వాక్యం ఈ జట్టుకు ఆ ఊరు తెలుసు అని చెప్పేస్తుంది.

కొలత గురించి కొంచెం ఆగి మాట్లాడాలి. కిడ్నీ పనితీరును రక్తంలో క్రియాటినిన్ చూసి లెక్కగడతారు. దీర్ఘకాలిక జబ్బు అని చెప్పాలంటే ఒక్కసారి పరీక్ష సరిపోదు, లోపం మూడు నెలలకు పైగా కొనసాగాలి. ఎండలో ఒళ్లు వంచి పనిచేసి వచ్చిన సాయంత్రం రక్తం తీస్తే, నీళ్లు తగ్గడం వల్ల ఆ అంకె తాత్కాలికంగా పెరిగి ఉండొచ్చు. కాబట్టి పనికి వెళ్లకముందు, పొద్దున్నే తీయాలి. వేసవికి ముందు ఒకసారి, జీడి కోతలు ముగిశాక ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలు దాటాక ఇంకోసారి. మూడుసార్లూ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయాలి. క్రియాటినిన్ కొలిచే పాత జాఫే పద్ధతికీ ఎంజైమ్ పద్ధతికీ అంకెల్లో తేడా వస్తుంది. మార్చిలో ఒక పద్ధతి, జూన్‌లో ఇంకో పద్ధతి అయితే కిడ్నీ మారిందో ల్యాబు మారిందో తేల్చలేం. రెండు పేజీల లేఖలో ఇవన్నీ విప్పి చెప్పే చోటుండదు. కానీ పనికి ముందు పొద్దున, ఒకే ల్యాబు, ఎంజైమ్ పద్ధతి, మూడు విడతలు అని నాలుగు ముక్కలు రాస్తే, తెలిసిన సమీక్షకుడు మిగతాది తనే ఊహించుకుంటాడు.

లేఖల్లో నాకు అరుదుగా కనపడిన వాక్యం ఇంకొకటుంది. మేం అనుకున్నది తప్పయితే ఏం కనపడుతుంది అన్న వాక్యం. రెండు గుంపుల్లోనూ కిడ్నీ పనితీరు ఒకేలా తగ్గితే ఎండ ప్రధాన కారణం కాకపోవచ్చు, అప్పుడు నీటి వైపు, మరో వైపు చూడాలి. అది కూడా ఉద్దానానికి పనికొచ్చే ఫలితమే. ఇలా రాయడానికి చాలామంది జంకుతారు, మన ఆలోచన బలహీనపడుతుందేమోనని. కమిటీలో కూర్చున్నప్పుడు నాకు మాత్రం అలాంటి వాక్యం రాసినవాళ్ల చేతిలో ప్రజల సొమ్ము పెట్టవచ్చు అనిపించేది. అనుకున్నది నిజమైతేనే పనికొచ్చే ప్రాజెక్టు కంటే, ఎటు తేలినా ఏదో ఒకటి చెప్పగల ప్రాజెక్టు గట్టిది.

మనుషుల మీద చేసే పని కాబట్టి నైతిక అనుమతుల సంగతి తప్పదు. 2017లో ఐసీఎంఆర్ విడుదల చేసిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం నడిచే ఎథిక్స్ కమిటీ మీ సంస్థలో ఉందా, లేకపోతే ఏ సంస్థ కమిటీ చూస్తుంది అన్నది ముందే తేల్చుకోవాలి. లేఖ దశలో అనుమతి పత్రం అడగకపోవచ్చు, కానీ దారి తెలుసని చెప్పాలి. అమెరికాలో ఉన్న తెలుగు డాక్టర్లు కలిసి పనిచేస్తామని ముందుకు వస్తుంటారు, సంతోషించదగ్గ విషయమే. విదేశీ సంస్థతో కలిసి చేసే ఆరోగ్య పరిశోధనకు మాత్రం కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కావాలి, దానికి సమయం పడుతుంది. ఆ సమయాన్ని పని పట్టికలో చూపించకపోతే మొదటి ఏడాది అంతా ఎదురుచూపుతోనే పోతుంది.

ఇంకో మాట, ఇది ఏ నిబంధనలో ఉన్నా లేకపోయినా నేను పట్టుబట్టి చెప్పే మాట. ఉద్దానంలో ఎన్నో బృందాలు రక్తం తీసుకున్నాయి. ఒక కూలిమనిషి మీకు చెయ్యి చాపి రక్తం ఇచ్చినప్పుడు, ఆ పరీక్షలో ఏం తేలిందో ఆ మనిషికి ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు, అంకె బాగాలేకపోతే ఏ ఆస్పత్రికి పంపుతారు అన్నది లేఖలోనే ఉండాలి. ఆశా కార్యకర్త ద్వారానా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ద్వారానా? రెండు వాక్యాలు చాలు. అవి లేని లేఖను నేను పూర్తి లేఖగా లెక్కపెట్టను.

ఇప్పుడు జట్టు. కాగితం మీద పేర్లు ఎక్కువైతే బలం పెరుగుతుందని ఒక అపోహ ఉంది. పెద్ద పేరున్న ప్రొఫెసరును సహ పరిశోధకుడిగా వేసి, ఆయనేం చేస్తారో రాయకపోతే అది అలంకారమని ఎవరికైనా తెలిసిపోతుంది. ఉద్దానం పనికి ఒక నెఫ్రాలజిస్టు, ఒక గణాంక శాస్త్రం తెలిసిన మనిషి, ల్యాబు నాణ్యత చూసే ఒక బయోకెమిస్టు, పల్లెల్లో తిరిగే ఒక కమ్యూనిటీ మెడిసిన్ డాక్టరు ఉంటే సరిపోతుంది. గణాంకాల మనిషిని మొదటి రోజు నుంచే కూర్చోబెట్టుకోండి. ఎంతమందిని పరీక్షిస్తే తేడా కనపడుతుందో చెప్పేది ఆ మనిషే, ఆ అంకెను బట్టే మిగతా ఖర్చంతా తేలుతుంది. ఎవరి పేరు వేసినా ముందు వాళ్ల ఒప్పుదల రాతలో తీసుకోండి.

మీ కాలేజీలో సరైన ల్యాబు లేకపోతే సిగ్గుపడాల్సిన పనిలేదు, ఉన్న సంస్థతో చేతులు కలపండి. 2023 చట్టంతో ఏర్పడి, పాత నిధుల సంస్థ సెర్బ్‌ను తనలో కలుపుకున్న అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ కూడా పెయిర్ అనే పథకంలో ఈ దారే పట్టింది. పరిశోధనలో గట్టిపడిన సంస్థ చుట్టూ, ఎదుగుతున్న విశ్వవిద్యాలయాలను జతచేసే ఏర్పాటు అది.

ఆఫీసు పనుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ముఖ్య పరిశోధకులు మామూలుగా రెగ్యులర్ ఉద్యోగులై ఉండాలి, ప్రాజెక్టు ముగిసేదాకా సర్వీసు మిగిలి ఉండాలి, లేకపోతే బాధ్యత తీసుకునే మరొకరు ఉండాలి. సంస్థ అధిపతి సంతకంతో సమ్మతి లేఖ కావాలి. ప్రైవేటు సంస్థ అయితే పరిశోధన సంస్థలను గుర్తించే కేంద్ర విభాగం డీఎస్‌ఐఆర్ గుర్తింపు ఉందో లేదో చాలా పథకాలు చూస్తాయి. మీ అకౌంట్స్ సెక్షన్ వాళ్లతో ముందే మాట్లాడండి. రేపు డబ్బు వచ్చాక ఏడాదికోసారి వినియోగ ధ్రువపత్రం తయారు చేయాల్సింది వాళ్లే. వాళ్లకు తెలియకుండా తెచ్చిన ప్రాజెక్టు వాళ్లకు బరువే అవుతుంది.

బడ్జెట్ లేఖ దశలో ఉజ్జాయింపుగా అడుగుతారు. ఉజ్జాయింపు అంటే గాలిలోంచి తీసిన అంకె అని అర్థం చేసుకోవద్దు. ఒక జూనియర్ రీసెర్చ్ ఫెలోను మూడేళ్లు పెట్టుకోవాలనుకుందాం. 2023 జనవరి నుంచి అమలైన రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లు దాటి సీనియర్ ఫెలో అయితే 42,000. మొదటి రెండేళ్లకు 8,88,000, మూడో ఏడాదికి 5,04,000, మొత్తం 13,92,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. ఒక్క మనిషికే ఇంత అవుతుంది. ఇప్పుడు రక్త పరీక్షలు ఒక్కోటి ఎంత, ఎంతమందికి, ఎన్నిసార్లు, నమూనాలు చల్లగా ఉంచి ల్యాబుకు చేర్చడానికి బండి, పెట్టె ఎంత అని లెక్క వేసుకోండి. ఇలా వేసుకుంటే కోటి రూపాయల యంత్రం ఒకటి మీ జాబితాలోంచి దానంతటదే జారిపోతుంది. దాంతో చేసే పరీక్షను బయట చేయించుకోవచ్చని తేలుతుంది. ప్రశ్న ముందు, పైకం తర్వాత అని నేను పట్టుబట్టడం ఇందుకే.

భాష విషయానికి వస్తే, ప్రపంచంలోనే మొదటిసారి, విప్లవాత్మకం లాంటి మాటలు తీసేయండి. అంతకుముందు ఎవరేం చేశారో రెండు మూడు వాక్యాల్లో గౌరవంగా చెప్పండి. వాళ్లలో ఒకరు మీ లేఖ చదివే అవకాశం చాలా ఎక్కువ. లేఖ ఇంగ్లీషులోనే రాయాల్సి వస్తుంది, అయినా ప్రశ్నను మాత్రం ముందు తెలుగులో రాసుకోండి. సైన్సు చదవని మీ ఇంటి మనిషికి చదివి వినిపించండి. దేని గురించి వెతుకుతున్నారో ఆ మనిషి తిరిగి చెప్పగలిగితే ప్రశ్న కుదిరినట్టే. ఎక్కడ తడబడితే అక్కడ మీ ఆలోచనే ఇంకా తేటపడలేదని తెలుసుకుని దిద్దుకోండి. ఆ తర్వాత ఇంగ్లీషులో రాస్తే వాక్యాలు చిన్నవవుతాయి, నేరుగా వస్తాయి.

గడువు చివరి రోజున పోర్టల్ మొరాయించడం మామూలే. ముందే రిజిస్టరు చేసుకుని, పేజీల పరిమితి, అక్షరాల సైజు, ఫైలు సైజు చూసుకుని, రెండు మూడు రోజుల ముందే పంపేయండి. రెండు పేజీలంటే రెండే పేజీలు. మూడో పేజీని ఎవరూ చదవరు, కొన్నిచోట్ల మొత్తం లేఖనే పక్కన పెడతారు.

పంపాక ఒప్పుకోకపోతే? చాలామందికి మొదటిసారి అదే జరుగుతుంది. వ్యాఖ్యలు ఇస్తే ఒకటికి రెండుసార్లు చదవండి, ఇవ్వకపోతే మర్యాదగా అడగండి. పోలిక గుంపు సరిగా లేదు అంటే అది దిద్దుకోదగ్గ లోపం. మా పథకానికి ఇది సరిపడదు అంటే ప్రశ్న మంచిదే, తలుపు వేరే ఉంది. ఆరోగ్యం ఐసీఎంఆర్‌కు, జీవశాస్త్రం బయోటెక్నాలజీ విభాగానికి, మౌలిక విజ్ఞానం అనుసంధాన్ ఫౌండేషన్‌కు, సమాజం మీద అధ్యయనమైతే 1969లో ఏర్పడిన ఐసీఎస్ఎస్ఆర్‌కు వెళ్లాలి. రెండు తెలుగు రాష్ట్రాల సైన్స్ అండ్ టెక్నాలజీ కౌన్సిళ్లు కూడా ఉన్నాయి. ఒకే పనిని రెండు చోట్లకు పంపితే ఆ సంగతి రెండు చోట్లా చెప్పాలి, దాచితే తర్వాత పెద్ద చిక్కు. ఒకచోట కాదన్న లేఖలో ప్రశ్నను ఉంచి, మరో పథకం కోరేదాన్ని బట్టి మిగతాది తిరిగి రాసి పంపినవాళ్లు రెండోసారి నిధులు తెచ్చుకోవడం నేను చూశాను.

ఇప్పుడు ప్రకటన ఏదీ లేకపోయినా ఆగనక్కర్లేదు. వేసవి వచ్చేలోగా ఉద్దానం లాంటిచోట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుతో మాట్లాడి, ఎంతమంది కూలీలు ఏ నెలల్లో పనికి వెళతారో, ఏ పూట దొరుకుతారో రాసిపెట్టుకోవడానికి ఏ గ్రాంటూ అవసరం లేదు. ప్రకటన వచ్చిన రోజున ఆ రాతే మీ లేఖలో మొదటి పేరా అవుతుంది.